మిద్దె మీద గోంగూర, సీసాలో పచ్చడి: ‘ఇంటిది’ అన్న మాటలో ఎన్ని ముడులు?

ఎండలు మొదలయ్యాయంటే విశాఖలో ఏ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇలాంటి సందేశం ఒకటి కనిపిస్తుంది: “మా మిద్దె తోటలో పండిన గోంగూర. ఆర్గానిక్. ఇంట్లో చేసిన పచ్చడి. ప్రిజర్వేటివ్‌లు లేవు. కావలసినవాళ్లు చెప్పండి.” రెండు నిమిషాల్లో నాకొకటి, నాకు రెండు అంటూ ఆర్డర్లు వచ్చి పడతాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు నెమ్మదిగా అడుగుతారు: “మేడమ్, లైసెన్స్ ఉందాండీ?” అక్కడితో గ్రూపు రెండు ముక్కలు. పక్కింటావిడ పచ్చడికి లైసెన్సేమిటి అని కొందరు, ఏం చూసి నమ్మాలి అని ఇంకొందరు.

ఆ చిన్న సందేశంలో నిజానికి నాలుగు వేర్వేరు హామీలున్నాయి: ఎక్కడ పండింది, ఎలా పండింది, ఎవరు చేశారు, ఎన్నాళ్లు నిలవుంటుంది. ఒకదానికి దొరికిన జవాబు రెండోదానికి పనికిరాదు. మిద్దె మీద పండినంత మాత్రాన ఆర్గానిక్ కాదు. ఆర్గానిక్ అయినంత మాత్రాన పచ్చడి పాడవకుండా ఉండదు. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఎవరూ దాన్ని ల్యాబులో పరీక్షించినట్టు కాదు. గ్రూపులో గొడవంతా వీటిని ఒకే మూటలో కట్టడం వల్ల వచ్చేదే.

మిద్దె ఎంతమందికి కూర పెడుతుంది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు ఉండాలని చెప్పింది. నలుగురున్న ఇంటికి రోజుకు 1.6 కిలోలు, నెలకు 48 కిలోలు. ఇప్పుడు మిద్దె ఎక్కుదాం. 20 లీటర్ల పెయింటు బకెట్లో ఒక టమాటా మొక్క బాగా కాస్తే రెండు మూడు నెలల్లో రెండు మూడు కిలోలు ఇస్తుంది. పది బకెట్లు పెట్టినా మొత్తం కాపు పాతిక కిలోలు, అంటే ఆ ఇంటికి పదిహేను రోజుల కూర. ‘మేం కూరగాయలు కొనడం మానేశాం’ అనేవాళ్ల మాట అబద్ధం కాకపోవచ్చు గానీ, వాళ్ల మిద్దె మన మిద్దె కంటే చాలా పెద్దదై ఉండాలి.

ఆకుకూరల దగ్గర లెక్క మారుతుంది. తోటకూర ఎకరాకు నాలుగు టన్నులకు అటూ ఇటూగా వస్తుంది. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి, చదరపు మీటరుకు ఇంచుమించు కిలో. విత్తిన 25, 30 రోజులకే కోతకొస్తుంది. ఇంటి మొత్తానికి రోజుకు నాలుగు వందల గ్రాముల ఆకుకూర కావాలంటే నెలకు 12 కిలోలు. మడులన్నీ ఒకేసారి కాకుండా వారానికి కొంత చొప్పున విత్తుకుంటే, పన్నెండు చదరపు మీటర్లలో, అంటే సుమారు 130 చదరపు అడుగుల్లో, అది సాధ్యమే. కరివేపాకు, పుదీనా, వాము ఆకు, తులసి లాంటివైతే ఇంకా నయం. వంటకు కావలసింది నాలుగు రెబ్బలే కాబట్టి ఒక్కో కుండీ చాలు. అందుకే ఏది ఇంట్లో పెంచాలి, ఏది ఎంవీపీ కాలనీ రైతు బజారుకో సీతమ్మధార రైతు బజారుకో వదిలెయ్యాలి అన్న ప్రశ్నకు, తూకంలో తేలికై, కోసిన పూటే వాడిపోయేవాటిని ఇంట్లో పెంచుకోండి అన్నది సగం జవాబు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు మిద్దె మీద పండించడం సరదా, అంతే.

ఇంకో లెక్క చాలామంది వెయ్యరు: బరువు. మనుషులు ఎక్కి తిరిగే పైకప్పుకు మన దేశపు భవన ప్రమాణాలు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల భారం లెక్క కడతాయి. తడిసిన మట్టి లీటరుకు 1.7 కిలోల దాకా తూగుతుంది. 20 లీటర్ల బకెట్టును 18 లీటర్ల దాకా నింపితే ముప్పై కిలోలు. చదరపు మీటరులో తొమ్మిది బకెట్లు ఒరుసుకుని పడతాయి: 270 కిలోలు. నాలుగు పెడితే 120. కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపితే బరువు బాగా తగ్గుతుంది. పెద్ద తొట్లను గది నడి నెత్తిన కాకుండా గోడలు, బీముల మీదుగా పెట్టమనడం కూడా ఇందుకే. బీచ్ రోడ్డు వైపు పాత ఇళ్లలో ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి, స్లాబు కింద పెచ్చులూడటం చూస్తూనే ఉంటాం. అలాంటి కప్పు మీద ఈ లెక్క మరీ జాగ్రత్తగా వెయ్యాలి.

ఈ ఊరి గాలి, నీళ్లు, మట్టి

పెంపకం వీడియోలు చాలావరకు హైదరాబాదువో బెంగళూరువో ఉంటాయి. అక్కడి రాత్రి చల్లదనం మనకు లేదు. కొత్తిమీర, మెంతికూర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కొత్తిమీర ఆకు పట్టకముందే పూతకు పోతుంది. ఒక మే నెలలో నేను మొండిగా మెంతులు చల్లాను. మొలిచిన నాలుగు మొలకలూ ఉక్కకు కుళ్లాయి. మిగిలిన మెంతులు ఆ ఏడాది మాగాయలోకి వెళ్లాయి. ఆ ఎండకు, ఉక్కకు తట్టుకునేవి తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ.

అక్టోబరులో ఇక్కడ వాన గట్టిగా పడుతుంది, తుపాన్ల రోజులూ అవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాటినప్పుడు ఎగిరిపోయినవి చెట్లూ రేకులూ మాత్రమే కావు, మిద్దెల మీద బీరపాదుల పందిళ్లు కూడా. పందిరి వేసేవాళ్లు దాన్ని విప్పి పడుకోబెట్టేలా వేసుకుంటే మంచిది.

తీరానికి దగ్గరగా బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట్ల ఇంకో చిక్కు. పొలంలోనైతే వాన ఆ ఉప్పును కిందికి కడిగేస్తుంది. బకెట్లో నీరు ఆవిరై ఉప్పు అక్కడే మిగులుతుంది. రోజూ కాస్త కాస్త పోస్తుంటే అది పేరుకుని ఆకు కొసలు మాడతాయి. చాలామంది అది నీళ్లు చాలకేమో అనుకుని అవే నీళ్లు ఇంకాస్త పోస్తారు. వాననీరు గానీ కుళాయి నీరు గానీ అడుగు చిల్లుల్లోంచి బాగా కారేలా అప్పుడప్పుడు పోస్తే ఆ ఉప్పు దిగిపోతుంది.

రేవు చుట్టుపక్కల పేటల్లో నల్లధూళి సంగతి అక్కడి ఇల్లాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు, ఆరేసిన బట్టలే చెబుతాయి. ఆకుకూర మీదా అదే పడుతుంది. ‘మందులు కొట్టలేదు కాబట్టి కడగక్కర్లేదు’ అనే మాట అక్కడ చెల్లదు. సన్నని నూగున్న ఆకులు, ముడతలున్న పుదీనా ధూళిని ఎక్కువ పట్టుకుంటాయి. కాయకూరలు, పాదుల మీద కాసేవి కడగడానికి తేలిక. ఇక మట్టి. కుండీలకు ఎర్రమట్టి కావాలని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వైపు చూసేవాళ్లు లేకపోలేదు. అవి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా గుర్తించిన భూవారసత్వ స్థలం. అక్కడ గునపం పడకూడదు. నర్సరీ మట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపితే మన బకెట్టుకు చాలు.

ఆర్గానిక్, ప్రకృతి సేద్యం, మందుల్లేనిది: మూడూ ఒకటి కావు

మందుల్లేనిది అంటే మొక్క మీద పురుగుమందు కొట్టలేదని మాత్రమే. వేసిన ఎరువు యూరియా కావచ్చు, విత్తనం మందు పట్టించినది కావచ్చు.

ఆర్గానిక్ అంటే ఒక పద్ధతి, దానికి ఒక తనిఖీ. ప్రధానంగా రెండు దారులున్నాయి. ఎగుమతులకు కూడా పనికొచ్చే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం 2001లో మొదలైంది. అందులో బయటి సంస్థ వచ్చి పరీక్షిస్తుంది. రెండోది పీజీఎస్-ఇండియా, ఇందులో రైతుల గుంపులో ఒకరి పొలాన్ని ఇంకొకరు తనిఖీ చేస్తారు. మొదటి దారిలో ఏడాది పంటలకు రెండేళ్ల మార్పిడి కాలం, అంటే రసాయనాలు మానేశాక ఆర్గానిక్ అనే ముందు ఆగాల్సిన గడువు, ఉంటుంది. మార్చిలో కుండీ కొని మేలో ‘ఆర్గానిక్’ అనేవాళ్ల మాటకు, ఈ రెండేళ్లకు మధ్య దూరం ఎంతో చూడండి.

అయితే చట్టం చిన్నవాళ్లకు ఒక సందు ఉంచింది. 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనల కింద, ఏడాది అమ్మకం 12 లక్షలు దాటని చిన్న ఉత్పత్తిదారు తను పండించినది నేరుగా తినేవాళ్లకే అమ్మితే ధ్రువీకరణ అక్కర్లేదు. కాకపోతే సేంద్రియ ఆహారం మీద వేసే ‘జైవిక్ భారత్’ ముద్ర వాడకూడదు. ఇది న్యాయమేనా? చిన్న రైతుకు ధ్రువీకరణ ఖర్చు మోయలేని భారం, పైగా కొనేవాడికి అమ్మేవాడి ముఖం తెలుసు అనేది ఒక వాదన. ముఖం తెలిసినంత మాత్రాన బకెట్లో ఏం వేశారో తెలియదు కదా అనేది రెండోది. నాకు రెండోది కాస్త బరువుగా అనిపిస్తుంది. కానీ మిద్దె తోటకు ఒక వెసులుబాటు ఉంది: ఎక్కి చూడొచ్చు.

మూడోది ప్రకృతి సేద్యం. మహారాష్ట్ర వ్యవసాయవేత్త సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన పద్ధతిని మన రాష్ట్రం 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా పెద్దయెత్తున చేపట్టింది. బయటి ఎరువు కొనకుండా, ఆవు పేడ, మూత్రంతో చేసిన జీవామృతంతో నేలలోని సూక్ష్మజీవులను పెంచడం దీని మూలం. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ దీనికి తగిన శాస్త్రీయ ఆధారాలు లేవంది. అనుసరించే రైతులు మాత్రం పెట్టుబడి తగ్గిందన్నది తమ అనుభవమే అంటారు. పొలంలో ఈ చర్చ ఇంకా సాగుతూనే ఉంది. మిద్దె మీద మాత్రం లెక్క వేసి చూడొచ్చు.

జీవామృతం బకెట్లో ఏం చేస్తుంది?

ఎకరానికి చెప్పే కొలత ఇది: 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను. ఇందులో ఇరవయ్యో వంతు చేస్తే 10 లీటర్లకు అరకిలో పేడ, పావు లీటరు మూత్రం, 100 గ్రాముల చొప్పున బెల్లం, పిండి. అనకాపల్లి బెల్లం ఊరి పక్కనే ఉన్నందుకు ఆ ఒక్కటీ మనకు సులువు.

ఇందులో నత్రజని ఎంత? అరకిలో పచ్చిపేడలో ఒకటిన్నర గ్రాములు, పావు లీటరు మూత్రంలో రెండున్నర, పిండిలో మూడు మూడున్నర. అంతా కలిపి ఏడెనిమిది గ్రాములు. దీనికి పదింతలయ్యేలా నీళ్లు కలిపితే వంద లీటర్లు అవుతుంది. బకెట్టుకు లీటరు పోస్తే ఒక్కో విడతకు గ్రాములో పదో వంతు కూడా అందదు. రెండున్నర కిలోల టమాటాలు కాయడానికి మొక్కకు ఇంచుమించు ఏడు గ్రాముల నత్రజని కావాలి. ఆ లెక్కన దాదాపు వందసార్లు పొయ్యాలి.

జీవామృతం వాడేవాళ్లు దీనికి చెప్పే జవాబు సబబుగానే ఉంటుంది: అది ఎరువు కాదు, తోడు. పాలలో వేసే చెంచాడు పెరుగులాంటిది. పొలంలో లోతైన నేల ఉంది, వానపాములున్నాయి, ఆకులు రాలి కుళ్లుతాయి, సూక్ష్మజీవులు విడదీయడానికి సరుకు ఉంది. సరే, 20 లీటర్ల బకెట్లో పాలేవి? కొబ్బరి పొట్టులో పోషకాలు దాదాపు లేనట్టే. కాబట్టి మిద్దె మీద జీవామృతం పోసినా పోయకపోయినా, వర్మీకంపోస్టో వంటింటి కంపోస్టో ఒక్కో బకెట్టుకు పంటకు కిలో, కిలోన్నర వెయ్యక తప్పదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పేడనీళ్లు మొక్క మొదలు దగ్గర పొయ్యాలి గానీ, పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా ఆకుల మీద చల్లకూడదు. పేడలో పేగు జబ్బుల క్రిములుండొచ్చు. సహజమైనదే అన్న మాట వాటికి తెలియదు.

పచ్చడి ఎందుకు నిలవుంటుంది?

నూనె పైకి తేలితే చాలు, పచ్చడి పాడవదు అని మనందరికీ ఒక నమ్మకం. నూనె చేసేది గాలి తగలకుండా చూడటమే. అందువల్ల బూజు రాదు. కానీ గాలి లేని చోటే బతికే క్రిములూ ఉన్నాయి. నిలవకు అసలు కాపలా ఉప్పు, పులుపు.

ఆవకాయ లెక్క చూద్దాం. కిలో ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి 200 గ్రాముల చొప్పున, నూనె 400 గ్రాములు. మొత్తం రెండు కిలోలు. అందులో ఉప్పు పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ క్రిములు బతికేది నూనెలో కాదు, నీటిలో. మామిడి ముక్కలో ఎనభై ఐదు శాతం దాకా నీరే. 850 గ్రాముల నీటిలో 200 గ్రాముల ఉప్పు కరిగితే ఆ ఊటలో ఉప్పు 19 శాతం. దాని మీద పచ్చిమామిడి పులుపు. అందులో బతకడం చాలా క్రిముల తరం కాదు. ఇప్పుడు ఇంట్లో బీపీ ఉందని ఉప్పు సగం చేశారనుకోండి, ఊటలో అది పదిన్నర శాతానికి దిగుతుంది. మామిడికైతే పులుపు ఇంకా కాపాడుతుంది. అదే సగం ఉప్పుతో దొండకాయో, కాలీఫ్లవరో, క్యారెట్టో పెడితే వాటికి సొంత పులుపు లేదు. పులుపును కొలిచే పీహెచ్ 4.6 కంటే పైన, అంటే పులుపు చాలనప్పుడు, గాలి తగలని చోట, బొట్యులినం అనే క్రిమి విషం తయారుచేయగలదు. రంగు, వాసన మారకుండానే. అలాంటి పచ్చళ్లకు నిమ్మరసమో చింతపండో ధారాళంగా పడాలి, ఫ్రిజ్‌లో ఉండాలి, త్వరగా అయిపోవాలి. పచ్చి వెల్లుల్లి రెబ్బలను వట్టి నూనెలో వేసి గట్టుమీద నెలల తరబడి ఉంచడం కూడా ఇదే ప్రమాదం. గోంగూరకు స్వతహాగా పులుపుంది, అందులో పడ్డ వెల్లుల్లి ఆ నీడలో ఉంటుంది.

మన వైపు బెల్లం ఆవకాయలో పనిచేసేది మూడో కాపలా. బెల్లం పాకం నీటిని తనవైపు కట్టేసుకుంటుంది, ఎండ మిగతా నీటిని లాగేస్తుంది. విశాఖ గాలిలోని తేమ వల్ల ఈ ఎండబెట్టడమే కష్టం. మాగాయ ముక్క పైకి ఒరుగులా కనిపించి లోపల మెత్తగా ఉండిపోతుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరగకముందే ముక్కల్ని లోపలికి తెచ్చే పెద్దవాళ్ల అలవాటుకు కారణం అదే. తడి గరిట పెట్టొద్దని తిట్టడానికీ కారణం ఉంది: ఆ చుక్క పడ్డ చోట ఉప్పు పలచబడి, బూజుకు అడుగు పెట్టే చోటు దొరుకుతుంది.

‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అన్న మాట సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. మన 2011 నాటి ఆహార నిబంధనలు ఉప్పు, చక్కెర, వినెగర్, తేనె, వంటనూనె, మసాలా దినుసులను ఒకటో తరగతి ప్రిజర్వేటివ్‌లుగా లెక్కపెట్టాయి. సోడియం బెంజోయేట్ లాంటివి రెండో తరగతి. ఆ లెక్కన ఆవకాయంత ప్రిజర్వేటివ్ ఉన్న వంటకం మరొకటి లేదు. గ్రూపులో సందేశం పెట్టిన ఆవిడ చెప్పదలచుకున్నది బెంజోయేట్ వెయ్యలేదని. అలా చెబితేనే కొనేవాళ్లకు విషయం తెలుస్తుంది.

లైసెన్సు ప్రశ్న

కోసిన గోంగూర కట్ట పక్కింటికి ఇవ్వడానికి కాగితం ఏమీ అక్కర్లేదు. దాన్ని పచ్చడి చేసి అమ్మితే, 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం అది ఆహార వ్యాపారం. లాభం వచ్చినా రాకపోయినా వ్యాపారమే అని ఆ చట్టం స్పష్టంగా అంటుంది. కానీ ‘లైసెన్సు’ అందరికీ కాదు. 2011 నిబంధనల్లో ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉన్నవాళ్లకు పెట్టినది రిజిస్ట్రేషన్, ఏడాదికి రూ. 100 రుసుముతో. నెలకు ఇరవై కిలోల పచ్చడి కిలో రూ. 600 చొప్పున అమ్ముతారనుకుంటే నెలకు 12,000, ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలు. గమనించండి, లెక్క అమ్మకం మీద, లాభం మీద కాదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే 14 అంకెల నంబరు ఇస్తారు.

ఆ నంబరు చెప్పేది ఏమిటంటే ఎవరు, ఎక్కడ చేస్తున్నారో ప్రభుత్వానికి తెలుసు, ఏదైనా అయితే అడగడానికి ఒక చిరునామా ఉంది అని. పచ్చడి పీహెచ్ ఎవరో కొలిచారని కాదు. అటు, నంబరు లేని ఆవిడ పచ్చడి చెడ్డదనీ కాదు. నలభై ఏళ్లుగా ఆవకాయ పెడుతున్న చెయ్యి అది. ఇంటి వంటకు ఇన్ని కాగితాలా అని విసుక్కునేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ తెలియని ఊరికి కొరియర్‌లో వెళ్లే సీసాను తెలిసిన చేతి పేరుతో అమ్మలేం. కొనేవాడికి ఆ చెయ్యి తెలియదు.

అసలు చిత్రం ‘హోమ్ మేడ్’ అన్న మాటతోనే. 2018లో వచ్చిన ప్రకటనల నిబంధనలు, కొనేవాళ్లకు తప్పుడు అభిప్రాయం కలిగించేలా ‘హోమ్ మేడ్’, ‘హోమ్ కుక్డ్’ లాంటి మాటలు వాడకూడదన్నాయి. ‘100 శాతం’ అన్న మాట కూడా వాడొద్దని 2025లో ఆహార భద్రత సంస్థ సూచించింది. షెడ్డులో యంత్రాలతో చేసినదాన్ని అమ్మమ్మ బొమ్మ వేసి అమ్మేవాళ్లను దృష్టిలో పెట్టుకున్న నిబంధనలవి. నిజంగా అమ్మమ్మే చేసినా, లేబుల్ మీద ముందుగా ఉండాల్సింది దినుసుల జాబితా, ఎక్కువ బరువున్నది మొదట వచ్చేలా. ఆ తర్వాత నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, చిరునామా, నంబరు.

ఆ దినుసుల జాబితా రాయడానికి కూర్చుంటే ఇంకో విషయం బయటపడుతుంది. కిలో గోంగూర ఆకు మగ్గి, నీరు ఇగిరి అరకిలోకు దిగుతుంది. నూనె, ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు, తాలింపు కలిపి ఇంకో అరకిలో. అవి పూర్ణా మార్కెట్లో కొన్నవి. ఒక ఉత్పత్తిని ఆర్గానిక్ అనడానికి జాతీయ కార్యక్రమం అడిగేది అందులోని వ్యవసాయ దినుసుల్లో కనీసం 95 శాతం సేంద్రియం కావాలని. సీసాలో మిద్దె మీది వాటా సగం. కాబట్టి ఆవిడ సందేశం నిజంగా ఇలా ఉండాలి: “గోంగూర మా మిద్దె మీదిది, మందు కొట్టలేదు, వర్మీకంపోస్టుతో పెంచాను. మిగతావి బజారువి. బెంజోయేట్ లేదు, ఉప్పు మామూలుగానే వేశాను. శనివారం చేశాను, ఫ్రిజ్‌లో పెట్టి రెండు నెలల్లో వాడేయండి. రిజిస్ట్రేషన్ నంబరు సీసా మీద ఉంది.” పాతదాని కంటే పొడుగే. చేతులు పదికి బదులు ఆరే లేస్తాయేమో. మూడో అంతస్తులో లైసెన్స్ గురించి అడిగిన మనిషి వాటిలో ఒకరవుతారు.